ఎనిమిదో జత

రాజనర్సు మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టేవాడు కాదు, బూట్లు చూసి గుర్తుపట్టేవాడు. మొదటిసారి నన్ను చూసినప్పుడు కూడా తలెత్తలేదు. గుమ్మం ముందు నేను విప్పిన జత వైపు చూసి, "ఎడమ కాలు ఈడుస్తరా సారు?" అన్నాడు. ఈడుస్తాను. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాను. పెళ్ళై ఏడేళ్ళయినా మా సుబ్బలక్ష్మి కనిపెట్టని సంగతిని మడమ అరుగుదల చూసి చెప్పేశాడు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇది ఖతార్‌లో, దుఖాన్ కొండ మీది సంగతి. కొండ అని మర్యాదకి అంటున్నాను. మా తునిలో ఇలాంటి దాన్ని కొండ అంటే పశువుల కాపర్లు నవ్వుతారు. సముద్రం పక్కన పొడుగ్గా సాగిన సున్నపురాయి తిప్ప. చెట్టు లేదు, చేమ లేదు. తూర్పున మెల్లగా ఎక్కి పడమట గోడలా తెగిపోతుంది. కింద చమురుంది కాబట్టి దానికా గౌరవం.

డెబ్బై మూడు తర్వాత చమురు ధర ఆకాశాన్ని అంటింది. కంపెనీ ఏం కావాలంటే అది కట్టించే రోజులవి. మా మేనేజరు ఇంగ్లీషు దొర. వాళ్ళ దేశంలో కొండలెక్కేవాళ్ళు రాత్రిపూట తలదాచుకోవడానికి దారిలో గదులుంటాయట. ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకోవాలని నడక క్లబ్బు పెట్టాడు. సర్వేవాళ్ళు వదిలేసిన రాతిగదికి కొత్త రేకులు వేయించి, ఎనిమిది మడత మంచాలు, ఒక స్టవ్వు, నీళ్ళ డ్రమ్ములు చేర్చాడు. చలికాలంలో గురువారం మధ్యాహ్నం బయల్దేరి తిప్ప మీదుగా పదిహేను కిలోమీటర్లు నడవాలి. రాత్రి ఆ గదిలో పడుకోవాలి. శుక్రవారం పొద్దున్న అవతలి వైపు దిగితే లారీ వచ్చి ఎక్కించుకుంటుంది. "కార్లున్నవాళ్ళకి ఈ కాళ్ళరుగుడు దేనికండీ?" అనేది సుబ్బలక్ష్మి. నేను డ్రాయింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ని. ప్రమోషన్ కావాల్సిన వాళ్ళందరం నడిచాం.

ఆ గదికి కావలి రాజనర్సు. కోరుట్ల దగ్గర పల్లె. ఊళ్ళో ఉన్నప్పుడు మంచె మీద పడుకుని, పందులు పడకుండా పరుల మక్కచేలు కాసేవాడు. డెబ్బై ఆరులో ఏజెంటును పట్టుకుని వచ్చి, పైపుల కోసం కాలువలు తవ్వే గ్యాంగులో చేరాడు. ఏడాది తిరక్కుండా పైపు జారి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఇంటికి పంపేయబోతూ, కావలి పని వచ్చా అని అడిగారట. "గదొక్కటే అస్తది" అన్నాడట. క్యాంపులో జలంధర్ అని వాళ్ళ ఊరివాడే, రెండు వేళ్ళకి గవర్నరు ఉద్యోగం కొట్టేశాడని ఏడిపించేవాడు.

"ఇక్కడ పందులు లేవు కదయ్యా, దేనికి కావలి?" అని నేనూ ఒకసారి వేళాకోళం చేశాను.

"పందులైతే చప్పుడు జేసుకుంట వస్తయి సారు. తప్పిపోయేటోళ్ళు మనుషులే" అన్నాడు.

గదికి దొర రెండు నియమాలు పెట్టాడు. ఇసుక లోపలికి రాకుండా బూట్లు గుమ్మం పక్క చెక్క అరలో విప్పి, రబ్బరు స్లిప్పర్లు తొడుక్కోవాలి. వచ్చేవాళ్ళంతా లోపలికి చేరేదాకా బయట స్తంభానికి పెట్రొమాక్స్ లైటు వెలుగుతూ ఉండాలి. వచ్చినవాళ్ళు పేర్లు రాయడానికి పుస్తకం కూడా ఉండేది గాని, రాజనర్సుకు చదువు రాదు. అతనికి బూట్లే పుస్తకం. మధ్యాహ్నం నీళ్ళు తెచ్చే డ్రైవరు ఎంతమంది వస్తున్నారో చెప్పిపోయేవాడు. అందరూ పడుకోబోయే ముందు అరలో అన్ని జతలు మళ్ళీ చూసుకున్నాకే రాజనర్సు లైటు తీసేవాడు. మూడు చలికాలాల్లో ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

అతని భార్య నర్సవ్వ ఉత్తరాలకి బదులు క్యాసెట్లు పంపేది. ఊళ్ళో ఎవరిదో టేప్‌రికార్డరు ముందు కూర్చుని, అరచి చెబితేగాని సముద్రం దాటదన్నట్టు మాట్లాడేది. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆమెకి దుబాయే. రాజనర్సు దగ్గర మెషీన్ లేదు. నేను వెళ్ళినప్పుడు నా చిన్న టేప్‌రికార్డరు సంచిలో వేసుకుపోయి వినిపించేవాణ్ణి. "దుబాయ్‌ల గుట్ట మీద ఒక్కనివే పంటున్నవట గదనయ్యా! బువ్వ తింటున్నవా? సలి వెడుతున్నదా?" అని ఆమె అడుగుతుంటే, ఇతను టేపు మధ్యలోనే "తింటున్న, వెడుతలేదు" అని జవాబులు చెప్పేవాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వడానికి అప్పట్లో నాకేం అడ్డు?

ఎనభైలో, కార్తీకం నెలలో, మా పక్క క్వార్టర్స్ మధుసూదన్ అయ్యప్ప మాల వేసుకున్నాడు.

కాకినాడ మనిషి, ల్యాబులో కెమిస్టు, ముప్ఫై ఏళ్ళు దాటలేదు. మాల చొక్కా లోపల దాచుకునేవాడు. డ్యూటీలో బూట్లు తప్పనిసరి గనక తొడుక్కుని, గేటు దాటగానే విప్పి చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేవాడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, కటిక నేల మీద పడక. తీరా శబరిమల వెళ్ళడానికి సెలవడిగితే కంపెనీ ఇవ్వలేదు. "కొండ ఎక్కకుండా దీక్ష ఎలా విరమిస్తాను స్వామీ?" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చివరికి ఈ తిప్పే తన కొండ అనుకున్నాడు. డిసెంబరు ఆఖరి గురువారం మాతో నడకకి పేరిచ్చాడు. ముందురోజు సాయంత్రం గోడ అవతల మొగుడూ పెళ్ళాల గొంతులు పెద్దగా వినిపించాయి. మాటలు వినబడలేదు.

ఎనిమిది మందిమి బయల్దేరాం. టౌను చివర మలుపు తిరగ్గానే మధుసూదన్ బూట్లు విప్పి, లేసులు ముడేసి భుజాన వేలాడదీసుకున్నాడు. "దొర చూస్తే బాగుండదు, వేసుకుని తీరాలని మా ఆవిడ అరుంధతి పట్టుబట్టింది స్వామీ" అని నవ్వాడు. పదిహేను కిలోమీటర్లూ ఆ రాళ్ళ మీద ఉత్త కాళ్ళతో నడిచాడు. ఇదంతా నేను చూశాను. రాజనర్సు చూడలేదు. అతను చూసిందల్లా అయిదింటికి అరలో చేరిన ఎనిమిది జతలు. దీక్షలో ఉన్నవాడు చెప్పులు తొడుక్కోడని కూడా అతనికి తెలియదు. వాళ్ళ వైపు అప్పటికి ఆ మాల అంతగా పాకలేదు.

మధుసూదన్ మాతో తినడు, మా మధ్య పడుకోడు. గది వెనక సామాన్ల కొట్లో చాప వేయించుకున్నాడు. చెంబుతో నీళ్ళు తీసుకుని పడమటి వైపు వెళుతుంటే, సంధ్యవేళ పూజకి కాబోలనుకున్నాను. రాజనర్సు అప్పుడు స్టవ్వు దగ్గర ఉన్నాడు. చీకటి పడ్డాక సముద్రం మీంచి పొగమంచు లేచింది. ఏడింటికల్లా గుమ్మంలోంచి స్తంభం కనిపించడం మానేసింది, లైటు మాత్రం మసగ్గా తెలుస్తోంది. అన్నాలు తిని, కాళ్ళకి నూనె రాసుకుని, ఎవరి మంచం వాళ్ళు ఎక్కారు.

నా మంచం కిటికీ పక్కన. పెట్రొమాక్స్ వెలుగు సరిగ్గా కళ్ళలో పడుతోంది. దాని బుస ఒకటి. తొమ్మిదిన్నరకి ఇక పట్టలేకపోయాను.

"రాజనర్సూ, ఆ లైటు తీసెయ్యవయ్యా."

"అందరచ్చిండ్రా సారు?"

"రాక ఎక్కడికి పోతారు?"

అతను టార్చి వేసి అర చూశాడు. వేలు పెట్టి చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "ఎనిమిది జతలున్నయి సారు."

"మరింకేం? యల్లా, కానియ్, ఆర్పెయ్."

ఆ ఎనిమిదో జతకి అర్థం లేదని తెలిసినవాళ్ళలో ఇంకా మెలకువగా ఉన్నది నేనొక్కణ్ణే. తెలిసీ తట్టలేదు. నిద్ర ముంచుకొస్తోంది. అతను ఆర్పాడు. నేను హాయిగా నిద్రపోయాను. ఆ నిద్రని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

రెండింటికి రాజనర్సు బయటికి వెళ్ళొస్తే మంచు విడిపోయి చుక్కలు కనిపించాయట. ఎనిమిది మందీ లోపలే ఉన్నారన్న ధీమాతో మళ్ళీ పడుకున్నాడు.

పొద్దున్న కొట్లో చాప వేసింది వేసినట్టే ఉంది. రాజనర్సు పరుగున వచ్చి ముందు అర చూశాడు. "బూట్లిడిసి ఏడికి వోయిండు సారు?" అన్నాడు. "అతను బూట్లు వేసుకోడు" అన్నాను. రాజనర్సు నా మొహంలోకి చూశాడు. అతను నా మొహం చూడటం బహుశా అదే మొదలు.

మంచుకి తడిసిన సున్నపు మట్టిలో ఉత్త పాదాల జాడ స్పష్టంగా ఉంది. దాన్ని పట్టుకుని రాజనర్సు ముందు నడిచాడు, వెనక మేము. ఆ జాడ గది చుట్టూ తిరిగి తిరిగి ఉంది. ఒకచోట మా గుమ్మానికి నూరడుగుల దూరంలోంచి పోయింది. చివరికి పడమటి అంచు దగ్గర ఆగిపోయింది. కింద రాళ్ళలో ఉన్నాడు మధుసూదన్. ప్రాణం తెల్లవారుజామున పోయి ఉంటుందని డాక్టరు రాశాడు.

గదికి దగ్గరగా ఉన్న ఆ అడుగు చుట్టూ రాజనర్సు రాళ్ళు పేర్చాడు. మూడో రోజుకి గాలి దాన్ని చెరిపేసింది. రాళ్ళు మిగిలాయి.

శనివారం మేనేజరు గదిలో విచారణ. అవతల పోలీసు ఆఫీసరు, ఇవతల రాజనర్సు. మధ్యలో తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన మహానుభావుణ్ణి నేను. రాత్రి లైటు వెలుగుతోందా అని అడిగారు. నేను తెలుగులో అడిగాను.

రాజనర్సు చేతులు కట్టుకుని చెప్పాడు. "లేదు సారు. తొమ్మిదిన్నరకు సారు ఆర్పుమంటే ఆర్పిన. ఎనిమిది జతలున్నయి గదా అని ఆర్పిన. రెండింటికి మంచు ఇడిసింది. గప్పుడు దీపం ఉంటే కనవడుతుండె."

నేను ఇంగ్లీషులో, మంచు రెండింటికి విడిచిందనీ, లైటు మాత్రం తెల్లార్లూ వెలుగుతూనే ఉందనీ చెప్పాను. ఆరిపోకుండా గంట గంటకీ లేచి దానికి గాలి కొట్టాడని కూడా చేర్చాను. నిద్రపోయిన మిగతావాళ్ళు తలలూపారు. రాసేశారు.

బయటికి వచ్చాక, "ఏం జెప్పినవు సారు?" అన్నాడు.

"నీకు జైలు తప్పించాను" అన్నాను. ఎవరికి తప్పించానో అతనికి తెలియదా?

"వెలిగిందని రాసిండ్రా?"

"రాశారు."

ఆ సాయంత్రం కొండ మీద ఎవరూ లేరు, ఎవరూ వచ్చేది లేదు. అయినా రాజనర్సు లైటు వెలిగించి గంట గంటకీ లేచి గాలి కొడుతూ తెల్లవారేదాకా ఆరనివ్వలేదట. ఆ మర్నాడూ అంతే. కిరోసిన్ ఎందుకింత అవుతోందని స్టోరు గుమాస్తా గౌస్ మొహియుద్దీన్ గోల పెడితే, నేను వెళ్ళి అడిగాను.

"వెలిగిందని రాసిండ్రు గద సారు. రాసినంక వెలగాలె" అన్నాడు.

అరుంధతికి సంగతి చెప్పిన పెద్దమనిషినీ నేనే. శవాన్ని పంపే కాగితాలన్నీ తిప్పాను, ఆమె చేత సంతకాలు పెట్టించాను. "లైటు తెల్లార్లూ వెలుగుతూనే ఉందమ్మా. మన చేతిలో ఏముంది, అంతా దైవేచ్ఛ" అన్నాను.

"వెలుగుతూనే ఉందా?" అంది.

"ఉందమ్మా."

"తెల్లార్లూ?"

"తెల్లార్లూ."

ఊరట పడిందనుకున్నాను. కర్మలయ్యాక తిరిగొచ్చి దోహాలో స్కూల్లో టీచరుగా చేరి, మదీనత్ ఖలీఫాలో ఎవరి విల్లాలోనో వెనక గది తీసుకుందని విన్నాను. చూడటానికి నేను వెళ్ళలేదు.

మరుసటి చలికాలానికి క్లబ్బులో జనం పలచబడ్డారు. అరలో ఎప్పుడూ ఒక జత ఎక్కువుండటం ఎవరికీ నచ్చలేదు. మధుసూదన్ బూట్లు అక్కడే ఉన్నాయి. రాజనర్సు గురువారం గురువారం వాటికి నూనె రాసేవాడు. తను మాత్రం చెప్పులు మానేశాడు. ఒకసారి నేనొక్కణ్ణే అక్కడ పడుకోవాల్సి వచ్చింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నడిజామున బయట బండ మీద ఉత్త కాళ్ళ చప్పుడు వినిపించింది. తొందరేమీ లేదు. వచ్చి అర దగ్గర ఆగింది. తోలు కదిలిన చప్పుడైంది. రాజనర్సు గాలి కొట్టడానికి లేచాడనుకుని ఇటు తిరిగాను. అతను నా మంచం పక్కనే నేల మీద ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మీకు గూడ ఇనవడ్డదా సారు?" అన్నాడు.

"ఏమిటి?" అన్నాను.

"రోజు గిట్లనే అస్తడు. ముడుతడు గని తొడుక్కోడు. మాలల ఉన్నడు గద." లేచి, గాలి కొట్టడానికి బయటికి వెళ్ళాడు. నేను దుప్పటి ముసుగేసుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రాత్రి లైటు కళ్ళలో పడుతుంటే నాకెంతో ధైర్యంగా ఉంది.

రెండేళ్ళకోసారి కంపెనీ టిక్కెట్టిచ్చి ఇంటికి పంపుతుంది. ఎనభై ఒకటిలో రాజనర్సు పోలేదు. ఎనభై మూడులోనూ పోలేదు. నర్సవ్వ క్యాసెట్లలో గొంతు తగ్గింది. "అందరు వస్తున్నరు, పోతున్నరు. నువ్వొక్కనివి ఏమైనవయ్యా? ఇంకొక దాన్ని చేసుకున్నవా?" అని ఏడ్చేది. అతను ఇప్పుడు జవాబులు చెప్పేవాడు కాదు. టేపు అయ్యేదాకా విని, "బంజెయ్యుండ్రి" అనేవాడు.

"పోవయ్యా, రెండు నెలలు ఉండి రా. ఇంకొకర్ని పెడతారు" అన్నాను.

"వాళ్ళు ఆర్పుతరు సారు. ఆర్పుమనేటోళ్ళుంటే ఆర్పుతరు."

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఎదురు అనేవాణ్ణి. తర్వాత తనే మెల్లగా అన్నాడు. "మధుసూదన్ సారింటి అమ్మకు జెప్పుండ్రి సారు. ఉన్నదున్నట్టు. మీరు జెప్పిన్నాడు నేను ఇంటికి వోత."

"ఈసారి దోహా వెళ్ళినప్పుడు చెబుతాను" అన్నాను. మూడేళ్ళలో దోహాకి యాభైసార్లు వెళ్ళి ఉంటాను. ఒకసారి మదీనత్ ఖలీఫా దాకా పోయి, ఆ వీధి మలుపు దగ్గర సిగరెట్టు కాల్చి వెనక్కొచ్చాను. ఉద్యోగం పోతుందని మొదటి ఏడు, పరువు పోతుందని రెండో ఏడు. మూడో ఏటికి సాకులు కూడా అయిపోయాయి, ఉత్త పిరికితనం మిగిలింది.

ఎనభై నాలుగు జనవరికి చమురు ధరలు పడ్డాయి. దొర దేశం వెళ్ళిపోయాడు. క్లబ్బు మూసేశారు. గదిలో సామాన్లు స్టోరుకు చేర్చి, రాజనర్సును శాశ్వతంగా ఇంటికి పంపమన్నారు. కిందికి తీసుకురావడానికి నేనే లారీ వేసుకుని వెళ్ళాను. రానని మొండికేస్తాడేమోనని భయపడ్డాను. వేయలేదు. గుమ్మం ముందు మధుసూదన్ బూట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇవి మీరే అప్పజెప్పాలె సారు. నేను జెప్తే ఉత్త మాటైతది. మీరు జెప్తేనే అమ్మకు ఎరుకైతది." తర్వాత స్తంభం వైపు చూశాడు. "ఆ లైటు నాకిప్పియ్యుండ్రి."

పాత లైటే, రాసి ఇచ్చేశారు. జలంధర్‌తో కలిసి ఇంటికి పోయేవాళ్ళంతా టూ-ఇన్-వన్‌లూ దుప్పట్లూ మోసుకెళుతుంటే, రాజనర్సు ఎయిర్‌పోర్టుకి ఒక పెట్రొమాక్స్ లైటుతో వెళ్ళాడు.

బూట్లు మా వరండాలో చేరాయి. "ఎవరివండీ ఇవి?" అంది సుబ్బలక్ష్మి. స్టోరువి అన్నాను. మర్నాటినుంచి మా వరండా లైటు రాత్రుళ్ళు నేను తీయలేదు. మరిచిపోయి సుబ్బలక్ష్మి తీసేస్తే లేచి మళ్ళీ వేసేవాణ్ణి.

ఆరు నెలలకి నర్సవ్వ క్యాసెట్టు వచ్చింది, ఈసారి నా పేర. "సారు, దండం. మావోడు దుబాయ్‌కెల్లి దీపం తెచ్చిండు గని నిద్ర తేలే. మిద్దె మీద దీపం వెట్టి తెల్లారేదాంక గాలి కొట్టుకుంట కూసుంటుండు. నిద్రలేక మనిషి సగమైండు. ఊరోళ్ళు పిస్సలేసిందంటున్రు. ఏందయ్యా అంటే, సారు జెప్తడు, సారు జెప్పినంక పంట అంటడు. మీరు ఏం జెప్పాలెనో నాకు తెల్వది. గదేదో జల్ది జెప్పుండ్రి సారు. మీ కాల్మొక్త."

కారులో విన్నాను. విన్నవాణ్ణి విన్నట్టే బండి ఇంటికి తిప్పి, బూట్లు పేపర్లో చుట్టుకుని దోహా బయల్దేరాను. శుక్రవారం మధ్యాహ్నం. ఈసారి మలుపు దగ్గర ఆగలేదు.

అరుంధతి పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. నన్ను చూసి లేచి, "రండి అన్నయ్యగారూ" అంది. కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ మంచీ చెడ్డా మాట్లాడి లేచి వచ్చేస్తానని భయం. పేపరు విప్పి బూట్లు బల్ల మీద పెట్టి, అంతా చెప్పేశాను. తొమ్మిదిన్నర, నా కళ్ళలో పడ్డ వెలుగు, ఎనిమిది జతలు, విచారణలో నేను మార్చిన మాట. నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను. కొట్టినా పడదామనుకున్నాను.

ఆమె బూట్ల వైపే చూసింది.

"అయితే ఆయనకి దీపం కనిపించలేదన్నమాట" అంది.

"లేదమ్మా."

"మంచు విడిచాక కూడా?"

"ఆర్పేశాం కదమ్మా. చీకటి."

కుర్చీలో కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. కాసేపటికి తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది.

"ఆ రిపోర్టు నేను ఎన్నిసార్లు చదివానో తెలుసా? మంచు రెండింటికి విడిచింది. ప్రాణం తెల్లవారుజామున పోయింది. దీపం తెల్లార్లూ వెలిగింది. రెండుసార్లు అడిగాను మిమ్మల్ని, వెలిగిందా అని. వెలిగిందన్నారు. ఎదురుగా దీపం వెలుగుతుంటే దారి తప్పిన మనిషి ఎందుకు రాడు అన్నయ్యగారూ?"

నాకప్పటిదాకా తట్టని ప్రశ్న అది.

"ముందురోజు పోట్లాడుకున్నాం. ఉద్యోగం కన్నా, నా కన్నా ఆ కొండే ఎక్కువైతే ఆ కొండ మీదే ఉండిపోండి, మళ్ళీ నా మొహం చూడకండి అన్నాను. బూట్లు విసిరేసి మరీ ఇచ్చాను. దీపం చూసి కూడా, నా మాట పట్టుకుని ఆ అంచు వైపే పోయారనుకున్నాను. కావాలనే రాలేదనుకున్నాను. మూడున్నరేళ్ళు. రోజూ."

నా తప్పు ఒక రాత్రిదనుకుంటూ వచ్చాను. అసలుది ఇది.

"అమ్మా, నన్ను..." అన్నాను.

"మిమ్మల్ని నేనేమీ అనను. ఏమైనా అంటే మీకు తేలికైపోతుంది." బూట్లని దగ్గరకి తీసుకుంది. నూనె రాసిన తోలు మీద చెయ్యి వేసి, "ఇవి ఇంత మెత్తగా ఎలా ఉన్నాయి?" అంది.

రాజనర్సు గురించి అప్పుడు చెప్పాను. రాసిన మాటని నిజం చేయడానికి అతను చేసిందంతా చెప్పాను. ఇప్పుడు మిద్దె మీద కూర్చుంటున్నాడని చెప్పాను. అతనికి ఉత్తరం రాస్తానని కాగితం తీసుకోబోయింది. చదువు రాదన్నాను. టేప్‌రికార్డరు కారులో ఉంది. తెచ్చి బల్ల మీద పెట్టి, మీట నొక్కాను.

"రాజనర్సుగారూ, నేను మధుసూదన్‌గారి భార్యని. రామకృష్ణారావుగారు వచ్చి అంతా చెప్పారు. బూట్లు నాకు చేరాయి. ఆయన కోసం మీరు చాలా కాలం మేలుకున్నారు. ఇక దీపం ఆర్పేసి పడుకోండి."

మీట తీసేయమని చెయ్యి ఊపింది. నేను బయటికి వచ్చేశాను.

రెండు నెలలకి జవాబు వచ్చింది. మళ్ళీ నర్సవ్వే మాట్లాడింది, ఈసారి అరవకుండా. "సారు, అమ్మ మాట మూడుసార్లు ఇన్నడు. పొద్దూకినంక మిద్దెక్కలే. దీపం కడిగి అటుక మీద వెట్టిండు. గప్పుడు పన్నోడు తెల్లారి బారెడు పొద్దెక్కినా లేవలే. లేపబుద్ధిగాక నేను గూడ లేపలే. మీకో మాట జెప్పుమన్నడు సారు. బూట్లు మీ ఇంట్ల ఉండె గద, రాత్రిపూట చప్పుడేమన్న అయితుండెనా? ఇప్పుడన్న మీకు నిద్ర మంచిగ వడుతుందా అని అడుగుతుండు."

టేపు అక్కడితో ఆగింది. వరండా లైటు వెలుగుతూనే ఉంది. ఆ క్యాసెట్టుకి నేనింకా జవాబు పంపలేదు.